బండను కదపని శిల్పి

(కామారెడ్డిలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ సభ ఎవరి స్మారకంగా జరుగుతుందో ఆ డ్రాయింగు సార్ గురించి ఎక్కువ చెప్పను. పేరు ఆహ్వానపత్రం మీదే ఉంది. ఆయన ఏం చేశారో ఈ హాల్లో సగం మందికి నాకంటే బాగా తెలుసు. ఎల్లారెడ్డిలో ఉన్నా, కామారెడ్డిలో ఉన్నా డ్రాయింగు పీరియడు అంటే ఆయనకు నాలుగు గోడల మధ్య నచ్చేది కాదు. పిల్లలను గుట్ట కాడికి తోలుకపోయి, ఎదురుగా ఉన్న గుండును చూసి గీయమనేవారు. గుండును గీయడం సులువనుకున్నవాడు అరగంటలో తెలుసుకునేవాడు. నిర్వాహకులు ఈ ఏడు ‘అడవిలో శిల్పం’ మీద మాట్లాడమన్నారు. సార్ పేరు మీద జరిగే సభకు ఇంతకంటే తగిన విషయం నాకు తోచలేదు.

ఆరుబయట, చెట్ల నడుమ, గుట్ట మీద బొమ్మ చెక్కేవాడికి ఉలి పట్టడం రెండో విద్య. మొదటి విద్య చోటు చూడటం. ఎండ ఎటు నుంచి పడుతుంది, వాన ఎటు జారుతుంది, నెర్రె ఎక్కడుంది, మనిషి ఏ దారిన ఎక్కి వస్తాడు. ఇవి తెలిసిన శిల్పికి అడవి సగం పని చేసి పెడుతుంది. తెలియనివాడు ఎంత నేర్పరి అయినా అతని బొమ్మ అడవిలో తప్పిపోయినట్టు ఉంటుంది. ఇవాళ నేను చెప్పేదంతా ఈ మాట చుట్టే తిరుగుతుంది.

ముందుగా మనకు బాగా దగ్గరి ఉదాహరణ. కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో కురిక్యాల ఉంది. ఆ ఊరి గుట్టను జనం బొమ్మలగుట్ట అంటారు, బొమ్మలమ్మ గుట్ట అని కూడా అంటారు. గుట్ట మీద నిలువు బండకు చక్రేశ్వరి బొమ్మ, జైన తీర్థంకరుల బొమ్మలు చెక్కి ఉన్నాయి. వాటి కింద శాసనం. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ అందులో ఉన్నాయి. తెలుగు భాగంలోవి కందపద్యాలు. కాలం క్రీ.శ. 945 ప్రాంతం, అంటే నన్నయకు సుమారు వందేళ్లు ముందు. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు జరిగిన వాదాల్లో ఈ పద్యాల పేరు గట్టిగానే వినబడింది. చెక్కించినవాడు జినవల్లభుడు. కన్నడ ఆదికవి పంపనికి తమ్ముడు. వాళ్ల మూలం వేంగినాట వంగిపర్రు. పంపడు కొలువు చేసింది వేములవాడ చాళుక్యుడు రెండో అరికేసరి దగ్గర. ఆ చాళుక్యులు వేములవాడకు రాకముందు ఏలుకున్నది ఎక్కడి నుంచి అనుకున్నారు? మన బాన్సువాడ దాటితే వచ్చే బోధన్ నుంచే. కాబట్టి కురిక్యాల మనకు పరాయి ఊరేం కాదు.

భాష మీద పని చేసేవాళ్లు ఆ గుట్ట ఎక్కేది పద్యాల కోసం. తప్పు లేదు, అవి అంత విలువైనవే. కానీ పద్యాల మీదున్న బొమ్మల గురించి మన దగ్గర రాసింది తక్కువ. శాసనంలోని ఒక వివరం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. జినవల్లభుడు తాను చేయించినవి చెప్పుకున్నాడు. గుట్ట పేరు వృషభాద్రి. దాని మీద చక్రేశ్వరి, జినబింబాలు. త్రిభువనతిలకం అనే బసది, అంటే జైన గుడి. కవితాగుణార్ణవం అనే చెరువు. మదనవిలాసం అనే తోట. కవితాగుణార్ణవుడన్నది పంపని బిరుదు. తమ్ముడు అన్న బిరుదును తెచ్చి చెరువుకు పెట్టాడు. అన్నదమ్ముల ప్రేమను ఇట్లా చెరువునీళ్లలో దాచినవాళ్లు మన చరిత్రలో ఎంతమంది ఉన్నారో నాకు తెలియదుగానీ, నేను చూడాలనుకుంటున్నది ఆ వరుసను. బండ మీద బొమ్మ, గుడి, నీళ్లు, తోట. నాలుగింటికీ ఒకే శాసనం. వాటిని నాలుగు వేరువేరు దానాలుగా చదవవచ్చు. నేను ఒకే పనిగా చదువుతాను. ఇవాళ యూరపులోనో అమెరికాలోనో శిల్పోద్యానం అని పేరు పెట్టి టికెట్టు అమ్మే ఆలోచన, వెయ్యేళ్ల కిందట మన గుట్ట మీద రాతిలో నమోదై ఉంది.

రాయి సంగతికి వద్దాం. పిల్లలున్నారు కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. కామారెడ్డి, ఎల్లారెడ్డి, కరీంనగర్, హైదరాబాదు గుట్టలన్నీ దక్కను గ్రానైటు కుటుంబమే. వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల ఎంతో బరువు కింద గట్టిపడిన రాయి, పైనున్నదంతా కొట్టుకుపోయి బరువు తగ్గేసరికి పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. పగటి ఎండ, రాత్రి చలి, నెర్రెల్లో దిగిన నీళ్లు ఆ పొరలను ఉల్లిపాయలాగా ఒలుస్తూ పోతాయి. మన గుట్టల మీద గుండు మీద గుండు ఎవరో పేర్చినట్టు కనబడటానికి కారణం ఇదే. ఎవరూ పేర్చలేదు. చుట్టూ ఉన్న మెత్తనిదంతా పోయి గట్టిది నిలిచింది.

ఇందులో శిల్పికి పాఠం ఉంది. పొర విడిపోయే బండ మీద బొమ్మ చెక్కితే వందేళ్లకో రెండు వందల ఏళ్లకో బొమ్మ ముఖంతో సహా పొర ఊడి కింద పడుతుంది. అందుకే పాతవాళ్లు బండను ముందు సుత్తితో తట్టి వినేవారు. కంచులాగా మోగితే గట్టిది. మొద్దుగా పలికితే లోపల డొల్ల. శిల్పశాస్త్రాలు రాతిని ధ్వనిని బట్టి పురుషశిల, స్త్రీశిల, నపుంసకశిల అని విభజించాయి. ఆ పేర్ల మీద ఇవాళ మనకు అభ్యంతరాలు ఉండవచ్చు, పరీక్ష మాత్రం గట్టిదే. ఇప్పటికీ క్వారీలో పని చేసే వడ్డెరలు చెవితోనే సగం సంగతి చెబుతారు.

రెండో సంగతి, గ్రానైటు కోతకు లొంగదు. సున్నపురాయిలాగా, ఇసుకరాయిలాగా ఉలి వెంట సాగి రాదు. అందులోని క్వార్ట్జ్ గింజలు ఉలి మొనను తినేస్తాయి. అందుకని ఉలిని దాదాపు నిటారుగా పట్టి, పైపొరను చితగ్గొట్టుకుంటూ పోవాలి. సన్నని నగలు, పల్చని వస్త్రం మడతలు చూపించాలంటే ప్రాణం మీదికొస్తుంది. దానివల్ల మన గుట్టల మీది బొమ్మలు చాలావరకు లోతు తక్కువగా ఉంటాయి. లోతు తక్కువ బొమ్మను చూపించేది ఎండ. సూర్యుడు బండకు సూటిగా ఎదురుగా ఉన్నప్పుడు అది కనబడదు. ఏటవాలు ఎండ పడితే చెంప, ముక్కు, చేతివేళ్లు అన్నీ నీడ తీసుకుని లేస్తాయి. మిట్టమధ్యాహ్నం గుట్ట ఎక్కినవాడు ‘ఏముందక్కడ, నాలుగు గీతలు’ అంటూ దిగి వస్తాడు. శిల్పి ఆ బండనే ఎంచుకున్నాడంటే, రోజులో ఏ గంటకు బొమ్మ బయటికి రావాలో కూడా ఎంచుకున్నాడన్నమాట. గుడి లోపలి మూలవిరాట్టుకు దీపం పెట్టేది పూజారి. గుట్ట మీది బొమ్మకు పెట్టేది సూర్యుడు.

వాన మూడోది. బండ మీద నల్లటి చారలు చూస్తుంటాం. నీళ్లు జారే దారిలో పెరిగే నాచు, శైవలాల గుర్తులవి. వాటి ఆమ్లం రాతిని మెల్లగా తింటుంది. శ్రీలంకలోను, తమిళనాడులోను పాత బౌద్ధ, జైన గుహల నుదుటి మీద నీళ్లు లోపలికి రాకుండా సన్నని గాడి తొలిచి ఉంటుంది. అంత చిన్న గాడి రెండు వేల ఏళ్లు గుహను కాపాడింది. ఇంజినీరింగు కాలేజీల్లో దీన్ని చూపించాలి.

ఇప్పుడు పాలంపేటకు. రామప్ప గుడి గురించి మీకు కొత్తగా చెప్పాల్సింది లేదు. 1213లో కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడ ఉద్దేశం కురిక్యాలకు పూర్తిగా భిన్నం. రాయిని కొండ నుంచి తెచ్చారు. గోడలకు ఎర్ర ఇసుకరాయి, శిఖరానికి నీళ్లలో తేలేంత తేలిక ఇటుక, బొమ్మలకు నల్లటి డోలరైటు. డోలరైటు గింజ సన్నం, అద్దంలాగా నునుపు తేలుతుంది, అందుకే మదనికలనే స్త్రీమూర్తుల ఒంటి మీద ముత్యాల పేరు కూడా విడివిడిగా కనబడుతుంది. కానీ ఆ మదనికలను ఎక్కడ నిలిపారో చూడండి. గుడి బయట, చూరు కింద, స్తంభం నుంచి చూరుకు ఏటవాలుగా. చూరు వాన నుంచి కాపాడుతుంది, వెలుతురును ఆపదు. కింద నిలబడి తలెత్తినవాడి మీదికి వాళ్లు వంగినట్టు ఉంటారు. రాయి తెచ్చిందే అయినా చోటు లెక్క మాత్రం ఆరుబయటి శిల్పి లెక్కే. గుడికి తోడు రామప్ప చెరువు ఉండనే ఉంది. బొమ్మ, గుడి, నీళ్లు. జినవల్లభుని వరుస ఇక్కడా తప్పలేదు.

ఇంకొక్క మాట చెప్పి ముందుకు పోతాను. కురిక్యాలలో మనకు మిగిలింది చెక్కించినవాడి పేరు. పాలంపేటలో జనం నోట మిగిలిన రామప్ప, శిల్పి పేరని వాడుక. యునెస్కో వాళ్లు రుద్రేశ్వరాలయం అని రాసి రామప్పను బ్రాకెట్లో పెట్టారు. ఏ బస్సు కండక్టరూ రుద్రేశ్వరం టికెట్టు కొట్టడు.

రాయిని కదిలించడం అంటే గుర్తుకొచ్చేది హుస్సేన్‌సాగర్ బుద్ధుడు. భువనగిరి దగ్గర రాయగిరి గుట్టలో 1980ల్లో గణపతి స్థపతి బృందం ఒకే రాతిలో చెక్కిన విగ్రహం. 58 అడుగుల ఎత్తు, దాదాపు 350 టన్నులు. 1990 మార్చి 10న సాగర్ మీద తరలిస్తుండగా పడవ ఒరిగి విగ్రహం మునిగింది. పలువురి ప్రాణాలు పోయాయి. 1992 డిసెంబరు 1న మళ్లీ పైకి తీశారు. ఆ పనితనాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ అంత పెద్ద రాయి ఉన్న గుట్టలోనే, ఉన్న చోటనే బుద్ధుడు నిలబడి ఉంటే ఎట్లుండేది అనే ప్రశ్న అప్పుడు ఎవరూ వేసినట్టు లేదు. రాజధానికి విగ్రహం కావాలనుకున్నారు, రాజధానికి తెచ్చారు. ఆ ఆలోచనే తర్వాత ప్రతి కూడలికీ పాకింది. మన ఊళ్లలో ఇవాళ విగ్రహం అంటే నాలుగు రోడ్ల మధ్య దిమ్మె, దాని చుట్టూ ఇనుప కంచె.

దీనికి పూర్తిగా ఎదురు దారిన నడిచినవాడు ఒకడున్నాడు. నేక్‌చంద్ సైనీ. 1924లో పుట్టాడు, దేశవిభజనలో ఊరు పోగొట్టుకుని వచ్చాడు. చండీగఢ్ కడుతున్నప్పుడు ప్రభుత్వ రోడ్డు ఇన్‌స్పెక్టరు. ఆ నగరం కోసం పల్లెలను ఖాళీ చేయించి కూల్చారు. ఆ శిథిలాలు, పగిలిన పింగాణీ, గాజుముక్కలు, వాగు రాళ్లు సైకిలు మీద తెచ్చి, సుఖ్నా చెరువు దగ్గర ప్రభుత్వ అడవిలో ఒక చోట దాచుకుంటూ వచ్చాడు. 1950ల చివర మొదలైన పని దాదాపు 18 ఏళ్లు ఎవరికీ తెలియకుండా సాగింది. రాత్రిళ్లు, సెలవుల్లో. 1970ల నడుమ అధికారులకు తెలిసింది. కూల్చాలన్నారు. జనం ఒప్పుకోలేదు. 1976లో అదే తోటను ప్రభుత్వమే తెరిచింది, అతన్నే దాని పనికి నియమించింది. 1984లో పద్మశ్రీ ఇచ్చారు. 2015లో పోయాడు.

ఈ సభలో అటవీశాఖ వాళ్లు ఉంటే కంగారు పడకండి, పోచారం అభయారణ్యంలో ఎవరూ రాత్రిళ్లు బొమ్మలు కట్టాలని నేను చెప్పబోవడం లేదు. చట్టం ప్రకారం అది ఆక్రమణే. నేక్‌చంద్ దగ్గర నేర్చుకోవాల్సింది వేరే ఉంది. అతను కొండను తొలవలేదు. అక్కడి పల్లం పల్లంగా, మిట్ట మిట్టగా ఉంచి, వాటి మధ్య బొమ్మలను గుంపులుగా నిలిపాడు. ఇరుకు దారిలో వంగి పోతే గానీ తర్వాతి గుంపు కనబడదు. బొమ్మకంటే దారి ఎక్కువ పని చేసే తోట అది. చోటు చూసే విద్య ఆయన ఏ బడిలోనూ నేర్వలేదు.

అడవిలో బొమ్మ పెడితే ఇంకో సంగతి ఒప్పుకోవాలి. అడవి కాలుతుంది. ఆస్ట్రేలియాలో మేరీస్‌విల్ అనే చిన్న ఊళ్లో బ్రూనో టార్ఫ్స్ అనే శిల్పి చెట్లు, ఫెర్నుల మధ్య మట్టిబొమ్మల తోట పెట్టాడు. 2009 ఫిబ్రవరి 7న వచ్చిన కార్చిచ్చులో ఆ ఊరే కాలిపోయింది, తోటలో చాలా బొమ్మలు పోయాయి. పగిలినవాటిని అతికించి, కొత్తవి చేసి, తోటను మళ్లీ తెరిచాడు. మన అడవి అంత ఎత్తున మండదు. మన టేకు, నల్లమద్ది, తునికి అడవుల్లో ఎండాకాలం నేల మీది ఆకు కాలుతుంది. అది చాలు. గ్రానైటు మంటకు పగులుతుంది. పూర్వం బండను పలకలుగా లేపడానికి కట్టెలు పేర్చి మంటపెట్టి కాల్చేవారు, ఆ పద్ధతి వడ్డెరలకు బాగా తెలుసు. క్వారీలో పలకను లేపే నిప్పే, గుట్ట మీద బొమ్మను కూడా లేపుతుంది. బొమ్మ చుట్టూ పది గజాలు ఎండుటాకు ఊడ్చి పెట్టుకోవడమే దీనికి మందు. ఖర్చు ఒక చీపురు.

చెట్ల వేర్ల సంగతి ఇంకా కష్టమైనది. రావి గింజ పక్షి రెట్టలో వచ్చి నెర్రెలో పడితే ముప్పై ఏళ్లలో గోడను చీలుస్తుంది. చెట్టు తీసేస్తే వేరు పట్టుకున్న రాయి జారుతుంది. కంబోడియాలో తా ప్రోమ్ గుడిని మహావృక్షాలు పట్టుకుని ఉన్నాయి. అక్కడ మరమ్మతు చేపట్టింది మన భారత పురావస్తు శాఖే. చెట్టునూ గుడినీ రెండింటినీ నిలబెట్టే పద్ధతి ఎంచుకున్నారు. చెట్టును శత్రువుగా చూసే అలవాటు మన దగ్గర కూడా పోవాల్సి ఉంది.

ఇక మన జిల్లా. 2016లో ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో రాతిపని అనగానే అందరూ నిజాంసాగర్ పేరు చెబుతారు. 1923 నుంచి 1931 దాకా అలీ నవాజ్ జంగ్ కట్టించిన ఆనకట్ట. లేకపోతే దోమకొండ కోట. 2022లో దాని పరిరక్షణకు యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. లేదా లింగంపేటలో పూడిక తీసి బాగుచేసిన నాగన్న బావి. ఇవన్నీ గర్వపడాల్సినవే. అయితే ఇవి కట్టడాలు. ఆరుబయటి శిల్పం మాటేమిటి?

అది ఉంది, లెక్కలోకి రాలేదంతే. ప్రతి ఊరి పొలిమేరలో వేప, రావి జంట కింద నాగులరాళ్లు. చెరువు కట్ట మీద కట్టమైసమ్మ. దారి పక్కన సింధూరం దట్టంగా పూసిన హన్మండ్ల బండ. కత్తి, డాలు పట్టుకున్న వీరగల్లు, చేలగట్టున సగం మట్టిలో. ఒక్కోదాన్ని నిలిపినవాడు చోటు చూసే నిలిపాడు. వీరుడు పడిన తావు, నీళ్లు మళ్లే తావు, రెండు దారులు కలిసే తావు. వాటిలో గొప్ప పనితనం ఉందని నేను చెప్పను, చాలావాటిలో లేదు. ముక్కు ఒకవైపు, కన్ను ఒకవైపు ఉంటాయి. కానీ చెట్టు కింద ఆ రాయి ఎంత సరిగ్గా కూర్చుంటుందో చూడండి. మేడారం జాతరలో కొలవడానికి అసలు బొమ్మే లేదు. గద్దె, వెదురు, కుంకుమ భరిణె. శిల్పి చేయి పడకుండానే అడవి మధ్య కోటిమంది తలవంచే చోటు ఏర్పడింది. చోటు బలం అంతటిది.

వీటిని మ్యూజియంకు తరలించాలని కొందరు, ఉన్నచోటే ఉండాలని కొందరు వాదిస్తారు. దొంగలు ఎత్తుకుపోతున్నారన్నది నిజం. మ్యూజియం వెనకాల వరుసగా గోడకు ఆనించిన వీరగల్లుకు ఊరూ పేరూ పోతుందన్నదీ నిజం. నా ఓటు ఉన్నచోటికే. ఊరివాళ్ల కళ్లెదుట ఉన్న రాయిని దొంగిలించడం కష్టం. ఊరు మరచిపోయిన రాయి ఎక్కడున్నా పోతుంది.

అసలు ముప్పు దొంగలకంటే పెద్దది. కరీంనగర్ గ్రానైటు టాన్ బ్రౌన్ అనే పేరుతో కాకినాడ రేవు మీదుగా చైనాదాకా పోతుంది. చుట్టూ తవ్వకాల వల్ల బొమ్మలగుట్టకే ముప్పు వచ్చిందని చరిత్రకారులు ఎన్నోసార్లు మొరపెట్టుకున్నారు. పేలుడు బొమ్మ మీదనే జరగనక్కరలేదు, పక్క గుట్టలో జరిగినా అదురు నెర్రెను పెంచుతుంది. హైదరాబాదులో 1996 నుంచి ఒక సంఘం బండలను కాపాడమని పోరాడుతూ, కొన్ని రాతిగుట్టలను వారసత్వ జాబితాలో చేర్పించగలిగింది. ఏ చెక్కడమూ లేని గుండ్లను. మన జిల్లాలో అట్లాంటి జాబితా కోసం అడిగే గొంతు ఇంకా బలపడాలి.

ఇంకో చిన్న ఫిర్యాదు. ఊరూరా ప్రకృతి వనాలు వచ్చాయి, మంచిదే. వాటిలో కొన్నిచోట్ల సిమెంటు జింక, సిమెంటు నెమలి. మంజీరలో కలిసే ఆలేరు మీద 1922 నాటికి కట్టిన పోచారం చెరువు, దాని చుట్టూ సుమారు 130 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం మన గడప ముందే ఉంది. అసలు దుప్పులు తిరిగే జిల్లాలో సిమెంటు దుప్పి ఎందుకో నాకు అర్థం కాదు. ఆ డబ్బుతో ఒక శిల్పిని నెలరోజులు పిలిపించి, వనంలో ముందునుంచీ ఉన్న గుండును చూపించండి. అతను చెక్కవచ్చు, చెక్కకుండా దాని చుట్టూ కూర్చునే చోటు మాత్రమే సరిచేయవచ్చు. రెండూ శిల్పమే. అభయారణ్యం లోపల మాత్రం ఏదీ వద్దు. అక్కడి బండలకు చిరుత గోళ్ల గీతలు పడినా చాలు, మన ఉలి అక్కరలేదు.

సార్ పేరిట నిధి పెట్టిన కుటుంబానికి, బడిలో డ్రాయింగు చెబుతున్న టీచర్లకు నాదొక కోరిక. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో చెక్కిన రాళ్ల జాబితా పిల్లలతో రాయించండి. రాయి బొమ్మ ఒక్కటే గీస్తే చాలదు. ఏ చెట్టు కింద ఉంది, నీళ్లు ఎంత దూరం, ముఖం ఏ దిక్కుకు, ఎవరు పూజిస్తారు, ఏ రోజు. మాఘం, ఫాల్గుణం మంచి కాలం. ఆకు రాలి, పొదల వెనకున్నది బయటపడుతుంది, ఎండ ఇంకా ముదరదు. పొద్దున ఏడింటికి, సాయంత్రం ఐదింటికి ఫోటో తీయండి. అక్షరాలు కనబడటం లేదని సుద్దపొడి రుద్దకండి, రంగు పూయకండి, నీళ్లు చల్లి బ్రష్షుతో తోమకండి. ఏటవాలుగా టార్చిలైటు పట్టుకుంటే చాలు. పూజలో ఉన్న రాయి అయితే ముందు ఆ ఇంటివాళ్లను అడిగి, చెప్పులు విడిచి, తర్వాత పెన్సిలు తీయండి.